కాళ్లున్న తొట్టి ఖరీదెంత?

అమెరికాలో పాత ఇల్లు పడగొడితే తలుపులు, కిటికీలతో పాటు స్నానాల తొట్టిని కూడా కళ్లకద్దుకుని దాచుకుంటారట. పోత ఇనుముతో చేసి, లోపల తెల్లటి ఎనామిల్ పూసి, అడుగున గోళ్లున్న నాలుగు పంజాలు తగిలించిన తొట్టి. నూరు కిలోలు దాటి తూగుతుంది. మోయడానికి నలుగురు కావాలి. కొనడానికి మాత్రం ఒక్కడు చాలు, మేడ మెట్ల సంగతి ముందుగా ఆలోచించని వాడైతే సరి.

దీనికి వెల కట్టే పద్ధతి మన పెళ్లిచూపులకు ఏమీ తీసిపోదు. ముందు అయస్కాంతం పెట్టి చూస్తారు. అంటుకోకపోతే ఫైబర్ సరుకన్నమాట, సంబంధం అక్కడితో ఆఖరు. అంటుకుంటే బోర్లించి, అడుగున పోతలోనే వచ్చిన కార్ఖానా పేరూ తేదీ చదువుతారు. అది జాతకం. లోపలి తెలుపు పుట్టుకతో వచ్చిందా, మధ్యలో ఎవరైనా రంగు కొట్టించారా అని గోటితో గీకి చూస్తారు. చివరికి కాళ్లు. ఒక కంపెనీ తొట్టికి ఇంకో కంపెనీ కాళ్లు సాధారణంగా అతకవు కాబట్టి ఒక్క కాలు పోయినా బేరం సగం పోయినట్టే. ఇంత తతంగంలోనూ ఇందులో హాయిగా స్నానం చేయొచ్చా అని మాత్రం ఎవరూ అడగరు.

ఈ తొట్ల వంశవృక్షం కూడా తెలుసుకోదగ్గదే. 1883లో విస్కాన్సిన్‌లో జాన్ మైఖేల్ కోలర్ అనే ఇనుప సామాన్ల ఆసామి, పశువులకు నీళ్లు పెట్టే తొట్టికి ఎనామిల్ పూసి, నాలుగు కాళ్లు పెడితే మనుషులకూ పనికొస్తుందని కనిపెట్టాడు. మొదటి తొట్టిని ఒక రైతు ఆవునూ 14 కోళ్లనూ ఇచ్చి పట్టుకుపోయాడని ఆ కంపెనీ వాళ్లు చెప్పుకునే కథ. ఆవు తాగాల్సిన తొట్టిలో తను కూర్చోవడానికి రైతు ఆవునే ఇచ్చేశాడన్నమాట! మన దొడ్లో కుడితి తొట్టి తరతరాలుగా నేలకు అంటుకునే ఉంది. దానికి కాళ్లు పెడదామని ఒక్క పెద్దమనిషికీ తోచలేదు.

అయితే కాళ్లు లేకపోయినా వెల పలికే తొట్టి ఒకటుంది. ఫ్రెంచి విప్లవ నాయకుడు జాఁ పాల్ మారా చర్మవ్యాధి బాధతో రోజూ గంటల తరబడి తొట్టిలోనే కూర్చుని రాసుకునేవాడు. 1793 జులై 13న షార్లట్ కోర్డే అనే యువతి ఆయన్ని ఆ తొట్టిలోనే పొడిచి చంపింది. బూటు ఆకారంలో, లోపల రాగి రేకు తొడిగిన తొట్టి అది. చేతులు మారి మారి చివరికి ఫ్రాన్సులోనే బ్రిటనీ అనే ప్రాంతంలో ఒక చర్చి ఫాదరీ దగ్గర తేలింది. 1885లో ఒక విలేకరి దాని ఆచూకీ తీశాక పాపం ఆ ఫాదరీకి నిద్ర పట్టి ఉండదు. పారిస్‌లోని కార్నవాలే మ్యూజియానికి చూపిస్తే, ధర ఎక్కువ, పైగా ఇది మారాదే అని రుజువేదీ అన్నారు. లండన్‌లో మైనపు బొమ్మలు చూపించే మదాం టుస్సాడ్స్ వాళ్లు లక్ష ఫ్రాంకులకు ఒప్పుకున్నారు. సరే అంటూ ఫాదరీ రాసిన ఉత్తరం పోస్టులో పోయింది! అమెరికా సర్కస్ యజమాని బార్నమ్ కూడా బేరానికి వస్తే కుదరదన్నారు. ఆఖరికి గ్రెవాన్ మైనపు బొమ్మల మ్యూజియానికి 5,000 ఫ్రాంకులకు ఇచ్చేశారు. ఇప్పటికీ అక్కడే ఉంది. చచ్చినవాడి కళ్లు చారెడని మనవాళ్లు ఊరికే అన్నారా?

నా బాధల్లా రుజువు దగ్గరే. మారా ఇంటివాళ్లు గుంటూరులో కాపురం చేసి ఉంటే, కొన్న రోజే ఆ తొట్టి అంచు మీద చుక్కలతో పేరు కొట్టించేవాళ్లు. మ్యూజియం నోరు మూతపడేది.

ఈ ధైర్యంతోనే మొన్న మా అమ్మమ్మ రాగి కాగును కారులో వేసుకుని పాత సామాన్ల కొట్టుకు వెళ్లాను. మా ఇంట్లో మూడు తరాలకు నీళ్లు కాచిన కాగు. అడుగంతా మసి, లోపల చింతపండుతో తోమి తోమి వచ్చిన నునుపు. అంచు మీద అమ్మమ్మ పేరు, ఇంటిపేరు, 12-5-1951 అని తేదీ. తొమ్మిది దగ్గర సుత్తి జారి ఒక చుక్క పక్కకు పోయింది కూడా. ఇంతకంటే జాతకం ఏం కావాలి?

కొట్టువాడు కాగును వేలితో ఒకసారి మోగించి కాటా మీద పెట్టాడు.

"దీని మీద పేరుంది, తేదీ కూడా ఉంది చూడండి" అన్నాను.

"అదే సార్ గొడవ. పేరున్న సామాను ఇంకోళ్లు కొనరు. కరిగించుకోవాల్సిందే" అంటూ మసికి ఇంత, మాట్లకు ఇంత అని తరుగు తీశాడు.

తొట్టికి పేరు లేక ఫాదరీ నష్టపోయాడు, కాగుకు పేరుండి నేను నష్టపోయాను. కాగును మళ్లీ కారులో వేసుకుని ఇంటికి తెచ్చాను. ఇప్పుడు బాల్కనీలో, మూత పెట్టి ఉంది. కాళ్లు చేయించడానికి వెల్డింగ్ షాపులో అడుగుతున్నాను. అవి రాగానే బేరానికి రావచ్చు. నాకు ఆవు చాలు. అపార్ట్‌మెంటు కాబట్టి కోళ్లు వద్దు.