ఫ్రిజ్ డోరులోని స్పెషలిస్టు

పిల్లల డాక్టర్లు అన్నేళ్లు ఎందుకు చదువుతారో నాకైతే బోధపడదు. వాళ్లందరినీ మించిన స్పెషలిస్టు ప్రతి ఇంట్లో ఫ్రిజ్ డోరులోనే కొలువై ఉంటాడు. పోయినసారి వాడగా మిగిలిన యాంటీబయాటిక్ సిరప్. మూత చుట్టూ మందు కారి గట్టిపడి ఉంటుంది, లేబుల్ సగం ఊడి ఉంటుంది. పొడిలో నీళ్లు కలిపాక ఆ మందు ఆయుష్షు, రకాన్ని బట్టి, ఒకటి రెండు వారాలే. కలిపిందెప్పుడో ఎవరికీ గుర్తుండదు కాబట్టి ఈయనకు రిటైర్మెంట్ లేదు.

పాపకి చీమిడి తెల్లగా ఉన్నంతసేపు ఇల్లు ప్రశాంతం. పచ్చబడిందా, సభ కూర్చుంటుంది. "ఇన్‌ఫెక్షనే, అనుమానం లేదు" అని తాతగారి తీర్పు. "మా వాడికి ఇదే వేశాం, మర్నాటికల్లా లేచి ఆడుకున్నాడు" అని పిన్నిగారి సాక్ష్యం. ఏమీ వెయ్యకపోయినా వాడు లేచేవాడన్న సంగతి రికార్డుల్లోకి ఎక్కదు. డోసెంత? ఒక మూత. ఏ సీసా మూత అని అడిగినవాడు పెద్దల మాటకు అడ్డొచ్చినట్టే. పాప బరువెంతో తెలియాలట, ఇదేమన్నా పార్సిలా? ఇంతలో నాన్నగారు సీసాని లైటు వెలుగులో పెట్టి, ఒక కన్ను మూసి, "నాలుగు పూటలకొస్తుంది" అని ప్రకటిస్తారు. అంతే, చికిత్స నాలుగు పూటలు.

జలుబు తెప్పించే వైరస్‌లు 200కు పైనే. వాటిలో ఒక్కదాని మీదా యాంటీబయాటిక్ పనిచెయ్యదు. చిన్నపిల్లలకి ఏడాదికి ఆరు నుంచి ఎనిమిది జలుబులు మామూలు. మధ్యలో చీమిడి రంగు మారడమూ మామూలే. ఈ మాట చెప్పి, ముక్కులో సెలైన్ చుక్కలు వేసి చూడమన్న డాక్టరు చేతకానివాడు. విరేచనాలకి ఓఆర్ఎస్, జింక్ రాసినవాడు మరీను! ఉప్పూ చక్కెర నీళ్లకి ఫీజేమిటండీ?

ఈ సభకి గంట టైముంటుంది గానీ, పాప చొక్కా పైకెత్తి ఒక్క నిమిషం ఊపిరి లెక్కపెట్టే తీరిక ఒక్కరికీ ఉండదు. రెండు నెలల నుంచి ఏడాదిలోపు బిడ్డకైతే నిమిషానికి 50, ఏడాది నుంచి ఐదేళ్లలోపు వాళ్లకైతే 40, లేదా అంతకంటే ఎక్కువున్నా, ఊపిరి పీల్చినప్పుడల్లా డొక్కలు లోపలికి పోతున్నా న్యుమోనియా కావచ్చు. వెంటనే ఆసుపత్రికి పరిగెత్తాలి. సరైన మందు, సరైన డోసు ఆ పూటే పడాలి. మనవాళ్లేమో "రాత్రి ఒక మూత వేశాంగా, రేపటిదాకా చూద్దాం" అంటారు. ఏం చూస్తారయ్యా? గుక్కెడు నీళ్లు మింగలేక, కళ్లు తేలేసేదాకా చూస్తారా? జలుబుకీ దగ్గుకీ పోసి పోసి, మందుకి లొంగని బ్యాక్టీరియాని మీరే పెంచారు. తీరా నిజంగా అవసరమైన రోజున అదే మందు పనిచెయ్యకపోతే, ఆసుపత్రి వరండాలో నిలబడి డాక్టరు కాలర్ పట్టుకునేదీ మీరే.