పడమటి దిక్కున పట్టాలిచ్చే దేవుడు

1840ల్లో అమెరికా జనం బళ్లు కట్టుకుని, పెళ్లాం పిల్లల్ని వెంటబెట్టుకుని అంతంత దూరం పడమరకు ఎందుకు పోయారని ఇప్పటికీ చర్చలు పెడుతుంటారు. ఇందులో చర్చేముందో నాకర్థం కాదు. దేవుడు పొమ్మన్నాడు, పోయారు. 1845లో జాన్ ఓసల్లివన్ అనే ఆయన పత్రికలో ఆ సంగతి అచ్చయింది కూడా, ఖండమంతా పరుచుకోవడం మన నుదుటి రాత అని. వేల ఏళ్లుగా అక్కడే ఉంటున్న తెగలవాళ్లకు ఆ కబురు అందలేదంటే, పాపం వాళ్లు ఆ పత్రికకు చందా కట్టి ఉండరు.

గిట్టనివాళ్లు కొందరు 1837 నాటి ఆర్థిక సంక్షోభం సంగతి ఎత్తుతారు. బ్యాంకులు మూతపడ్డాయి, పంటకు ధర లేదు, మిస్సోరీ రాష్ట్రం వైపు రైతులు అప్పుల్లో కూరుకుపోయారు అంటారు. అయితే ఏంటట? అప్పులవాళ్లు గుమ్మంలో కూర్చున్న సమయానికే దైవాజ్ఞ కూడా వచ్చిందంటే అది దేవుడి దయ.

మిస్సోరీలో ఇండిపెండెన్స్ అనే ఊరి నుంచి పసిఫిక్ తీరాన ఉన్న ఒరెగాన్‌కు సుమారు 3,200 కిలోమీటర్లు. బండి నిండా పిండి, ఉప్పేసిన పంది మాంసం, కాఫీ గింజలు ఉంటాయి కాబట్టి మనుషులు చాలామటుకు నడవాల్సిందే, నాలుగైదు నెలలు. చెట్టన్నదే లేని మైదానాల్లో అడవిదున్నల ఎండు పేడ ఏరుకొచ్చి వంట చేసుకున్నారు. దారిలో తెగలవాళ్లు మీద పడతారన్న టెన్షన్‌తో ఇంటింటికీ తుపాకులు పట్టుకెళ్లారు గానీ, ఎక్కువమందిని చంపింది కలరా. పొరపాటున పేలిన సొంత తుపాకులు కూడా తమ వంతు సాయం చేశాయి.

దగ్గరి దారి చెప్పేవాళ్లకూ కొదవ లేదు. లాన్స్‌ఫర్డ్ హేస్టింగ్స్ అనే పెద్దమనిషి తను ఒక్కసారైనా నడిచి చూడని దారిని 'కాలిఫోర్నియాకు ఇలా వెళ్తే దగ్గర' అని పుస్తకంలో రాసేశాడు. ఎయిర్‌పోర్టుకు పది నిమిషాలు అని వెంచర్ బ్రోచర్లో వేసినట్టే. 1846లో ఆ మాట నమ్మి వెళ్లిన డోనర్ బృందం సియెర్రా కొండల్లో మంచుకు చిక్కుకుంది. దాదాపు సగంమంది పోయారు, మిగిలినవాళ్లలో కొందరు పోయినవాళ్లను తిని బతికారు. హేస్టింగ్స్ గారు మాత్రం క్షేమం.

ఇక 1850 ఒరెగాన్ భూమి చట్టం గురించి ఎంత చెప్పినా తక్కువే. తెల్లజాతి మగాడు ఒంటరిగా ఉంటే 320 ఎకరాలు, పెళ్లయితే 640, అందులో సగం భార్య పేరు మీదే. ఇంకేముంది, ఎంతటి బ్రహ్మచారికైనా ఒక్కసారిగా సంసారం మీద మనసు పుట్టింది. బడికెళ్లే వయసు ఆడపిల్లలకు కూడా సంబంధాలు వచ్చిపడ్డాయి. కట్నం సర్కారే ఇచ్చిన పెళ్లిళ్లు ప్రపంచంలో ఇంకెక్కడైనా జరిగాయేమో కనుక్కోవాలి. ఆ భూములు అక్కడి తెగలవే, వాళ్లతో ఒప్పందాలు ఇంకా తేలనేలేదు, అయినా ముందు పంచేశారు. మంచి పనికి ఆలస్యం దేనికి?

1862 హోమ్‌స్టెడ్ చట్టంలో 160 ఎకరాలు దాదాపు ఊరికే ఇచ్చారు, అయిదేళ్లు ఇల్లు కట్టుకుని సాగు చేస్తే చాలు. 12 బై 14 ఇల్లుందని ఆఫీసులో ప్రమాణం చేసి, అడుగులా అంగుళాలా అన్నది దాటేసి, పొలంలో బొమ్మరిల్లు పెట్టి పట్టా పుచ్చుకున్న ఘనులున్నారని చెప్పుకుంటారు. ఆ ఇంటికి గృహప్రవేశం చేయాలంటే పిల్లి కూడా వంగి దూరాలి.

బంగారం విషయంలో దేవుడి టైమింగ్ చూడండి. 1848 జనవరి 24న కాలిఫోర్నియాలో సట్టర్ మిల్లు దగ్గర బంగారం కనబడింది. తొమ్మిది రోజులకు, ఫిబ్రవరి 2న, యుద్ధంలో ఓడిన మెక్సికో ఆ నేలను అమెరికాకు రాసిచ్చింది. శామ్ బ్రానన్ అనే కొట్టు యజమాని ముందు పారలు, జల్లెడ పళ్లేలు దొరికినన్ని కొని పెట్టుకుని, ఆ తర్వాత సీసాలో బంగారు రజను పట్టుకుని శాన్‌ఫ్రాన్సిస్కో వీధుల్లో 'బంగారం, బంగారం' అని అరుచుకుంటూ తిరిగాడు. దేవుడి మాట మోసినవాళ్లందరిలో నాకు ఈయనంటేనే గురి. 1846లో లక్షన్నర దాకా ఉన్న అక్కడి ఆదివాసీలు 1870 నాటికి ముప్పై వేలకు పడిపోయారు. రోగాలు కొన్ని, ఆకలి కొంత, సర్కారు డబ్బుతో తిరిగిన తుపాకులు కొన్ని.

1850లో కాలిఫోర్నియా ప్రభుత్వం విదేశీయుల బెడద భరించలేక గనుల్లో పనిచేసే పరాయివాళ్ల మీద నెలకు 20 డాలర్ల పన్ను వేసింది. రెండేళ్ల కిందటి దాకా అది మెక్సికో నేలే కదా, ఇప్పుడు మెక్సికో నుంచి వచ్చినవాడు పరాయివాడయ్యాడు. అయినా అన్యాయం అనడానికి లేదు, కట్టినవాడికి లైసెన్సు కాగితం పద్ధతిగా చేతిలో పెట్టేవాళ్లు.