ఒక వదిలేసిన పాట తరఫున వకాల్తా

మహారాజశ్రీ గ్రేటెస్ట్ హిట్స్ ఆల్బమ్ గారి సముఖమునకు,

నమస్కారములు. ఉభయకుశలోపరి. తమరి ఆరోగ్యం గురించి విచారించవలసిన అవసరం లేదనుకుంటాను. గాయకుడు పోయినా, బ్యాండు విడిపోయినా, కంపెనీ చేతులు మారినా, తమరు మాత్రం కొన్నేళ్లకొకసారి కొత్త అట్టతో, కాస్త హెచ్చించిన శబ్దంతో, అవే పాటలతో పునర్జన్మ ఎత్తుతూనే ఉంటారు. అమెరికన్ రాక్ గిటారిస్టు, గాయకుడు జిమీ హెండ్రిక్స్ విషయంలో, అవే పాటలను మళ్లీ మళ్లీ ఏరుకునే తమరి ఏళ్లనాటి ఆచారాన్ని గురించి, ఆ ఆచారం పుణ్యమా అని దాదాపు ఎప్పుడూ తమరి గుమ్మం బయటే నిలబడిపోయిన ఆయన 'డ్రిఫ్టింగ్' అనే మెలోడీని గురించి ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నాను.

ముందుగా రుణం ఒప్పుకోవడం మర్యాద. హెండ్రిక్స్‌ను నాకు పరిచయం చేసింది తమరే. ఆయన పాట 'పర్పుల్ హేజ్' మొదలు కాగానే మా ఇంట్లో పెద్దవాళ్లు టేపు రికార్డరు చెడిపోయిందనుకుని కంగారుపడిన రోజున, ఆ క్యాసెట్టు తమరిదే. ఆ తరువాత చాలా ఏళ్ల పాటు హెండ్రిక్స్ అంటే తమరు చెప్పిన ఇరవై పాటలేనని, అంతకు మించి ఉంటే తమరు చెప్పకుండా ఉంటారా అని, అమాయకంగా నమ్మాను. తమరి మీద నాకున్న కోపానికి మూలం ఆ నమ్మకమే.

తమరి తొందర ఎంతటిదో చరిత్రలో నమోదై ఉంది. ఆయన మొదటి సింగిల్ (విడిగా విడుదల చేసే పాట రికార్డు) 'హే జో' బ్రిటన్‌లో 1966 డిసెంబరులో విడుదలైంది. 1968 ఏప్రిల్ నాటికే, అంటే ఏడాదిన్నర కూడా నిండకుండా, ఆయనకు ఇరవై అయిదేళ్ల వయసుండగా, తమరు 'స్మాష్ హిట్స్' అనే పేరుతో అవతరించి, ఈయన ఉత్తమ గీతాలు ఇవీ అని పన్నెండు పాటలతో పట్టీ చదివేశారు. ఆయన పాటల్లో బాగా పేరుపడ్డ 'ఆల్ అలాంగ్ ద వాచ్‌టవర్' ఉన్న జంట ఎల్పీ (రెండు రికార్డుల ఆల్బమ్) 'ఎలక్ట్రిక్ లేడీల్యాండ్' ఆ అక్టోబరులో గానీ రాలేదు. పంట పొట్ట మీద ఉండగానే కుప్ప నూర్చి, గింజలు కొలిచి, గాదెకు తాళం వేసిన ఆసామిని నేను తమరిలో తప్ప మరెక్కడా చూడలేదు.

ఇక పాట సంగతి. న్యూయార్క్ నగరంలోని గ్రీనిచ్ విలేజ్‌లో, ఎనిమిదో వీధిలో, హెండ్రిక్స్ తనకోసం కట్టించుకున్న ఎలక్ట్రిక్ లేడీ స్టూడియో 1970 ఆగస్టు 26న లాంఛనంగా ప్రారంభమైంది. పని మాత్రం అంతకు ముందే, ఆ వేసవిలోనే మొదలైంది. డ్రమ్స్ మీద మిచ్ మిచెల్, బేస్ మీద సైన్యంలో ఉన్నప్పటి స్నేహితుడు బిల్లీ కాక్స్, అద్దం అవతల ఇంజనీరుగా ఎడ్డీ క్రేమర్. గంటకింత అని అద్దె లెక్కలు చూసుకోవలసిన అగత్యం లేకుండా, తన ఇంట్లో తాను కూర్చున్నట్టుగా వాయించుకునే వీలు ఆయనకు జీవితంలో తొలిసారి చిక్కిన ఆ కొద్ది నెలల్లో తయారైన పాటల్లో 'డ్రిఫ్టింగ్' ఒకటి. సెప్టెంబరు 18న ఆయన లండన్‌లో మరణించారు. వయసు 27. మిగిలిన టేపులను క్రేమర్, మిచెల్ సర్ది, 1971 మార్చిలో 'ద క్రై ఆఫ్ లవ్' పేరుతో బయటికి తెచ్చారు. ఈ పాటలో మంచులో మోగుతున్నట్టు వినిపించే వైబ్రఫోన్, అంటే లోహపు పట్టీలను కర్రలతో మోగించే వాద్యం, బజీ లిన్‌హార్ట్ అనే సంగీతకారుడు వాయించినది. దానిని హెండ్రిక్స్ పోయాక చేర్చారు. మనిషి వెళ్లిపోయిన తరువాత వచ్చి, ఆయన వదిలిన ఖాళీలో, ఆయనకు అడ్డు రాకుండా అంత ఒద్దికగా వాయించి వెళ్లడం ఎంత కష్టమో తమరి వంటి వారికి చెప్పి ప్రయోజనం లేదు.

నాలుగు నిమిషాలు కూడా నిండని పాట అది. మాటలు పట్టుమని పది పంక్తులు ఉండవు: మరచిపోయిన కన్నీళ్లన్నీ చేరి సముద్రమైతే, దాని మీద ఒక చిన్న ప్రాణరక్షక పడవలో ఇంటి వైపు తేలిపోవడం, అంతే. గిటార్ అయితే మాటలకు తోడుగా నడవదు, నీళ్లై మాటలను మోస్తుంది. ఒక గిటార్ మెత్తని స్వరసమూహాలను అలల మాదిరి పరచుకుంటూ పోతే, దాని వెనక మరొకటి, టేపును తిప్పి వేసినట్టుగా, శూన్యంలో నుంచి ఉబ్బుతూ వచ్చి చటుక్కున మాయమవుతుంది. ఎక్కడా ఒక్క స్వరమూ అరవదు. గాయకుడు లిటిల్ రిచర్డ్ వెనకా, ఐస్లీ బ్రదర్స్ బృందం వెనకా నిలబడి జీతానికి వాయించిన రోజుల్లో, గాయకుడు, గిటారిస్టు కర్టిస్ మేఫీల్డ్‌ను వింటూ ఆయన పట్టుకున్న పద్ధతి ఒకటుంది: బొటనవేలితో పై తీగ మీద మంద్ర స్వరాన్ని నొక్కి ఉంచి, మిగిలిన వేళ్లతో తాళాన్నీ, రాగపు చిన్న చిన్న గమకాలనూ ఒకేసారి పలికించడం. ఆయన మరో పాట 'లిటిల్ వింగ్'లో అందరూ మెచ్చుకునే ఆ చేతివాటమే ఇక్కడ ఇంకా పలచబడి, ఇంకా నిమ్మళించి, ఎక్కడ వాయించాడో ఎక్కడ ఆగాడో విడదీయలేనంతగా కలిసిపోయింది. గొంతు కూడా అంతే. తన గొంతు మీద ఆయనకు ఎన్నడూ నమ్మకం లేదనీ, పాడేటప్పుడు ఎవరికీ కనబడకుండా స్టూడియోలో మరుగు కోరేవారనీ ఆయనతో పనిచేసినవారు చెప్పారు. ఆ బిడియం ఈ పాటలో దాగలేదు, దాచాలని ఆయన ప్రయత్నించినట్టూ లేదు.

ఇటువంటి పాటను తమరు ఎందుకు ఆదరించలేదో నాకు తెలియక కాదు. తమరి ఎంపిక పరీక్షలో ప్రశ్న ఒక్కటే: కదులుతున్న కారులో, పక్కవాళ్లు మాట్లాడుకుంటూ ఉండగా, అయిదు సెకన్లలో ఇది ఫలానా పాట అని పోల్చుకోగలమా లేదా? 'పర్పుల్ హేజ్' ఆ పరీక్షలో నూటికి నూరు తెచ్చుకుంటుంది. 'డ్రిఫ్టింగ్'కు మొదటి అయిదు సెకన్లలో తాను మొదలైన సంగతి చెప్పుకోవడమే మొహమాటం. పైగా అది 'ఫ్రీడమ్', 'ఈజీ రైడర్' అనే రెండు పరుగుపందెపు పాటల నడుమ, ఎల్పీలో రెండోదిగా కూర్చుంది. పెళ్లివారి బస్సులో ఇద్దరు మాటకారుల మధ్య ఇరుక్కున్న మితభాషి మాదిరి.

మెల్లని పాటలకు తమరి వద్ద సీట్లు కొన్నే. 1997లో తమరు ఎత్తిన 'ఎక్స్‌పీరియన్స్ హెండ్రిక్స్' అనే అవతారంలో ఇరవై పాటలున్నాయి. 'ద విండ్ క్రైస్ మేరీ' ఒక కిటికీ పక్కన, 'లిటిల్ వింగ్' మరో కిటికీ పక్కన, 'క్యాజిల్స్ మేడ్ ఆఫ్ శాండ్' వెనకగా, 'ఏంజెల్' చివర్లో, ఆర్టీసీ బస్సులో తువ్వాలు వేసుకున్న సీట్లలో మాదిరి స్థిరపడ్డాయి. 'ద క్రై ఆఫ్ లవ్' నుంచే మూడు పాటలకు తమరు చోటిచ్చారు గనుక, ఆ రికార్డు తమరి కంట పడలేదని అనుకునే వీలు కూడా నాకు మిగల్చలేదు. 'ఏంజెల్' అదృష్టవంతురాలు, 1972లో బ్రిటిష్ గాయకుడు రాడ్ స్టూవర్ట్ పాడి నాలుగిళ్లకూ తీసుకువెళ్లారు. మా 'డ్రిఫ్టింగ్' పిల్లకు అటువంటి మేనమామ దొరకలేదు. అదే 1997లో, హెండ్రిక్స్ అసంపూర్తిగా వదిలిన జంట ఎల్పీ ఊహను అనుసరించి కూర్చిన 'ఫస్ట్ రేస్ ఆఫ్ ద న్యూ రైజింగ్ సన్'లో మాత్రం దానికి చోటు దక్కింది, కానీ ఆ గుమ్మం దాకా వచ్చేవాళ్లు తమరి జనంలో ఎందరు?

అసలు తమరికి నిప్పంటే మహా ప్రీతి. 1967 జూన్ 18న అమెరికాలోని మాంటెరే సంగీతోత్సవంలో ఆయన గిటార్ మీద లైటరు ద్రవం పోసి అంటించిన మంట అప్పుడే ఆరిపోయింది, తమరి వంటింట్లో మాత్రం ఈనాటికీ దాని మీదే అన్నం ఉడుకుతోంది. రోలింగ్ స్టోన్ పత్రిక 2003లోనూ, 2011లోనూ ఆయనను గిటారిస్టులలో మొదటి స్థానంలో నిలబెట్టినప్పుడు, ఆ మాట విన్నవారిలో చాలామంది కళ్ల ముందు మెదిలినది ఆ మంటే అయి ఉంటుందనుకుంటాను. కళ్లు మూసుకుని, తల వంచుకుని, కుడిచేతివాటపు గిటార్‌ను తిరగేసి ఎడమచేత్తో మీటుతూ, ఎవరి కోసమూ కాకుండా వాయించుకున్న మనిషి బొమ్మకు అట్ట మీద గిరాకీ లేదని తమరు ఎప్పుడో లెక్క కట్టుకున్నారు.

ఈ అర్జీ మొదలుపెట్టినప్పుడు నా కోరిక ఒక్కటే: రాబోయే అవతారంలో ఇరవై ఒకటో పాటగా 'డ్రిఫ్టింగ్'ను చేర్చండి. ఇంత రాశాక, అది తమరి చేతుల్లో ఎలా ఉంటుందో ఒక్కసారి ఊహించుకున్నాను. వెనక 'ఫాక్సీ లేడీ', ముందు 'ఫైర్'. వైబ్రఫోన్ ఆఖరి మోత ఇంకా గాలిలో ఉండగానే కత్తిరించి తదుపరి పాట డ్రమ్స్. మిగతా పాటలతో సమానంగా ఉండాలని దాని గొంతు పట్టి పెంచిన శబ్దం. అట్ట మీద 'మరుగునపడిన మాణిక్యం' అనే ఎర్రని చీటీ. కనుక నా అర్జీని ఉపసంహరించుకుంటున్నాను. కోర్టు ఫీజు స్టాంపు డబ్బు వాపసు అడగను.

ఇట్లు,
తమరి ద్వారానే వచ్చి, తమరిని దాటి వెళ్లిన ఒక శ్రోత

తా.క.: జవాబుగా వార్షికోత్సవ ప్రత్యేక సంచిక పంపవద్దని మనవి. అందులో ఉండబోయే ఇరవై పాటలూ నా దగ్గర ఇదివరకే నాలుగేసి సార్లు ఉన్నాయి.