రొమాన్స్ నవలలో తప్పు ఎవరిది?

సమకాలీన రొమాన్స్ నవలలను ఇష్టంగా చదివేవాళ్లకు ఒక ఇబ్బంది తరచూ ఎదురవుతుంది. కథ ఎలా ముగుస్తుందో మొదటి పేజీకి ముందే తెలుసు, దారిలో ఏయే మలుపులు వస్తాయో కూడా చాలావరకు తెలుసు, అయినా అర్ధరాత్రి దాటినా పుస్తకం పక్కన పెట్టబుద్ధి కాదు. తీరా పూర్తయ్యాక, ఇద్దరూ ఒకటైనందుకు సంతోషించాలో, తనను నొప్పించిన నాయకుడిని నాయిక అంత తేలిగ్గా క్షమించినందుకు బాధపడాలో తేలదు. దీన్ని పాఠకుల బలహీనత అనో, ఈ ప్రక్రియ స్వభావమే అంత అనో కొట్టిపారేయడం నాకు సమ్మతం కాదు. ఏ ట్రోప్ (కథల్లో పదే పదే వచ్చే అలవాటైన కథాసూత్రం) మనల్ని కట్టిపడేస్తోందో, ఏది మనసులో ముల్లులా మిగిలిపోతోందో విడదీసి చూస్తే ఒక సంగతి తెలుస్తుంది. పాత్రలు తాము చేసిన పనికి తామే జవాబు చెప్పుకోవలసి వచ్చిన చోట ట్రోప్ ఎంత పాతదైనా కథ పండుతుంది. ఆ బాధ్యత నుంచి వాళ్లను తప్పించడానికి ట్రోప్‌ను అడ్డం పెట్టుకున్న చోట ఎంత నైపుణ్యంతో రాసినా తేలిపోతుంది.

ముగింపు ముందే తెలియడమన్నది రచయితకూ పాఠకులకూ మధ్య కుదిరిన ఒప్పందం. ప్రేమకథ కేంద్రంలో ఉండాలి, ముగింపు తృప్తినిచ్చి ఆశ కలిగించాలి అనే రెండు షరతులతోనే అమెరికాలోని రొమాన్స్ రచయితల సంఘం ఈ ప్రక్రియను నిర్వచించింది. హంతకుడు దొరుకుతాడని తెలిసే అపరాధ పరిశోధక నవల చదువుతాం, దాన్నెవరూ తప్పుపట్టరు. ఎక్కువగా స్త్రీలు రాసి స్త్రీలే చదివే సాహిత్యానికి వచ్చేసరికి అదే లక్షణం చిన్నచూపుకు కారణమవుతోంది, ఇది అన్యాయం. అయితే ముగింపు ఖాయమైనప్పుడు రచయిత్రి భారమంతా దారి మీదే పడుతుంది. వీళ్లిద్దరినీ విడదీస్తున్నది ఏమిటి, దాన్ని దాటడానికి ఎవరు ఏం మార్చుకున్నారు అన్న ప్రశ్నలకు ఆమె ఇచ్చే జవాబే నవల.

శత్రువులు ప్రేమికులయ్యే కథనే తీసుకుందాం. 1813లో వచ్చిన జేన్ ఆస్టిన్ 'ప్రైడ్ అండ్ ప్రెజుడిస్' నాటి నుంచి నేటి ఆఫీసు ప్రేమకథల దాకా ఈ ట్రోప్ వాడిపోలేదు. ఆస్టిన్ నవలలో డార్సీ నృత్యసభలో ఎలిజబెత్ చెవిన పడేలాగే ఆమె రూపాన్ని తీసిపారేస్తాడు. పెళ్లి ప్రస్తావన తెచ్చినప్పుడు సైతం ఆమె కుటుంబం తన అంతస్తుకు తగదని చెప్పి మరీ తెస్తాడు. ఆమె నిరాకరిస్తుంది. తర్వాత అతను రాసిన ఉత్తరాన్ని మళ్లీ మళ్లీ చదివి, తాను నమ్మిన మరో మనిషి నమ్మదగినవాడు కాదనీ, తన తీర్పు తొందరపాటుదనీ గ్రహిస్తుంది. అతనేమో ఆమె చెల్లెలి పరువు నిలబెట్టే పనిని ఆమెకు తెలియనివ్వకుండా చేస్తాడు. ఇద్దరి తప్పూ నిజమైన తప్పే, ఇద్దరూ దాన్ని దిద్దుకోవడానికి కష్టపడినవాళ్లే. ఇప్పటి నవలల్లో చాలాచోట్ల ఆ వైరం చివరిదాకా నిలవదు. రెండేళ్లుగా నాయికను నలుగురిలో చిన్నబుచ్చుతూ వచ్చిన నాయకుడు నిజానికి ఆమెను చూసిన మొదటి రోజే ప్రేమలో పడ్డాడనీ, దాన్ని దాచుకోవడానికే అంత కటువుగా ఉన్నాడనీ రెండు వందల పేజీల తర్వాత బయటపడుతుంది. ఆ రహస్యం తెలిసే సన్నివేశం హాయిగానే ఉంటుంది, కాదనను. కాని అసలు వైరమే లేదని తేలిపోయింది కాబట్టి క్షమాపణ అవసరం కూడా లేకుండా పోయింది. ఆ రెండేళ్లలో ప్రతి సమావేశానికి ముందూ ఆమె ఎంత బెదిరిందో, తన మాట మీద తనకున్న నమ్మకం ఎంత సన్నగిల్లిందో ఎవరూ అడగరు.

అసూయతో రగిలే నాయకుడి విషయంలో నా అభ్యంతరం ఇంకా పెద్దది. ఎన్నో నవలల్లో కనిపించే ఒక సన్నివేశం చూడండి. విందులో నాయిక పాత స్నేహితుడితో నవ్వుతూ మాట్లాడుతోంది. నాయకుడు జనాన్ని తోసుకుంటూ వచ్చి, ఆమె నడుం చుట్టూ చెయ్యి వేసి, ఆ స్నేహితుడి కళ్లలోకి సూటిగా చూస్తూ "వెళ్దాం పద" అంటాడు. ఆమె చెబుతున్న మాట ఇంకా పూర్తి కాలేదు. ఒక వాక్యంలో ఆమెకు కోపం వస్తుంది, పక్క వాక్యంలోనే గుండె వేగంగా కొట్టుకుంటుంది, కారెక్కేసరికి కోపం సంగతి కథలోంచే మాయమవుతుంది. తర్వాతి అధ్యాయంలో అతని బాల్యం తెలుస్తుంది: వదిలేసి వెళ్లిపోయిన తల్లి, కిటికీ దగ్గర ఎదురుచూసిన పిల్లవాడు. మనసు కరుగుతుంది, కరగాలి కూడా. అయితే ఆ పిల్లవాడి మీద కలిగిన జాలిని నవల ఈ పెద్దమనిషి ఖాతాలో జమ చేసేస్తుంది.

నాయకుణ్ణి ఇలా గట్టెక్కించడం సాహిత్యానికి కొత్త కాదు. మహాభారతంలో దుష్యంతుడు శకుంతలను గుర్తుపట్టి కూడా ఎరగనంటాడు. ఆమె నిండుసభలో అతన్ని నిలదీస్తుంది, ఆకాశవాణి పలికాక గాని అతను ఒప్పుకోడు. కాళిదాసు నాటకంలో దుర్వాసుడి శాపం తగిలి, ఉంగరం జారిపోయి, రాజు నిజంగానే అంతా మరిచిపోతాడు. దాంతో అబద్ధమాడిన నింద అతని మీద లేకుండా పోయింది. అయినా కాళిదాసు అతన్ని అక్కడితో వదల్లేదు. ఉంగరం దొరికి జ్ఞాపకం తిరిగొచ్చాక పశ్చాత్తాపంతో కుమిలిపోయే దుష్యంతుడికి ఆరో అంకం కేటాయించాడు, ఏడో అంకంలో శకుంతల కాళ్ల మీద పడేశాడు. నేటి నవలల్లో చిన్ననాటి గాయం ఆ శాపం చేసిన పనే చేస్తోంది. ఆరో అంకం మాత్రం వాటిలో అరుదుగా కనిపిస్తుంది.

1984లో వెలువడిన 'రీడింగ్ ది రొమాన్స్' అనే పరిశోధన గ్రంథం కోసం జానిస్ రాడ్‌వే ఇలాంటి నవలలు విస్తారంగా చదివే స్త్రీలతో మాట్లాడారు. ఇంటి చాకిరీ మధ్య తమకంటూ మిగుల్చుకున్న సమయమే ఈ చదువు అని వాళ్లు చెప్పిన మాటను ఆమె గౌరవంగా నమోదు చేశారు. నాయకుడి మొరటుతనం వెనక దాగిన మమకారాన్ని వెతికి చూసుకునే అలవాటును ఈ కథలు పెంచుతాయని కూడా ఆమె గుర్తించారు. ఆనాటి నవలల్లో నాయకుడి మనసు తెలుసుకోవడానికి నాయిక ఆఖరిదాకా ఆగవలసి వచ్చేది. ఇప్పుడు ఒక అధ్యాయం ఆమె గొంతులో, మరో అధ్యాయం అతని గొంతులో చెప్పే పద్ధతి బాగా ప్రచారంలోకి వచ్చింది. అతనెంత తపిస్తున్నాడో ఆమెకంటే ముందు మనకే తెలిసిపోవడంతో, ఆమె క్షమించకముందే మనం క్షమించేస్తాం. ఆమె ఇంకా కోపంగా ఉంటే మనకే విసుగొస్తుంది. తనకు జరిగిన అవమానం మాత్రమే తెలిసిన ఆమె కోపం పూర్తిగా న్యాయమైనదని గుర్తుంచుకోవడానికి, చదివేటప్పుడు నేను ప్రయత్నపూర్వకంగా ఆగవలసి వస్తుంది.

ప్రేమికులుగా నటించే జంట కథను మాత్రం నేను ఏ సంకోచమూ లేకుండా ఇష్టపడతాను. ఏ కారణం చేతనో ఇద్దరు నలుగురి ముందు జంటగా కనిపించాలని ఒప్పుకుంటారు, నియమాలు రాసుకుంటారు: చెయ్యి పట్టుకోవచ్చు, ముద్దు కూడదు, మూడు నెలల తర్వాత ఎవరి దారి వారిది. నటన అన్న నెపం ఉంది కాబట్టి మామూలుగా నోరు దాటని మాటలన్నీ బయటికొస్తాయి. "ఈమెలో మీకు ఏం నచ్చింది?" అని ఎవరో బంధువు అడిగితే, అతను అబద్ధం చెప్పాలనుకుని నోరు తెరిచి, ఆమె ఎదుటివారి మాట వినేటప్పుడు తల కాస్త వంచుతుందని చెబుతాడు. అతను దాన్ని ఎప్పుడు గమనించాడో ఆమెకు తెలియదు, అతనికీ తెలియదు. ఇందులో ఎవరి మీదా పెత్తనం లేదు, మోసపోయిన నాయికా లేదు. పైగా ఈ ట్రోప్‌లో జవాబుదారీతనం దానంతటదే వచ్చి కూర్చుంటుంది, ఎందుకంటే వీళ్లు ఇంతమందిని నమ్మించారు. ఆ జంటను చూసి మురిసిపోయిన అమ్మమ్మకు నిజం ఎవరు చెబుతారు అన్న ప్రశ్నను దాటవేయని నవలలు ఈ కోవలో అన్నిటికన్నా బలమైనవి.

ముగింపుకు కాస్త ముందు వచ్చే ఎడబాటు గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. తలుపు చాటు నుంచి సగం విన్న మాట, అడగకుండానే సర్దేసిన పెట్టె, ఫోన్ తీయకపోవడం. అప్పటిదాకా ఒకరి భయాలు ఒకరితో చెప్పుకున్న ఇద్దరు పెద్దవాళ్లు ఉన్నట్టుండి నోరు లేనివాళ్లవుతారు. ఖాయమైన ముగింపుకు ముందు ఒక గండం కావాలి కాబట్టి ఇది వస్తుంది, అంతే. వ్యాపారం కూడా దీనికి తోడైంది. చందా కట్టి ఈ-పుస్తకాలు చదువుకునే అమెజాన్ వారి కిండిల్ అన్‌లిమిటెడ్ పథకం 2015 నుంచి రచయితలకు చదివిన పేజీల లెక్కన చెల్లిస్తోంది, పాఠకులు పుస్తకం మూసేయకుండా చూసుకోవలసిన ఒత్తిడి అలా రచయిత మీద పడింది. ట్రోప్ పేరునే ప్రచారంలో ముందుకు తెచ్చే అలవాటు పెరిగాక, చెప్పిన సరుకు చెప్పిన చోట కనిపించాలన్న ఒత్తిడి మరొకటి. వీటి మధ్య నిలదొక్కుకుంటూ ఏడాదికి రెండు మూడు నవలలు రాసే రచయిత్రులను నిందించడం నా ఉద్దేశం కాదు.

ఈ విమర్శలకు జవాబుగా ఇటీవల ఏ లోపమూ లేని నాయకుడు పుట్టుకొచ్చాడు. అనుమతి అడుగుతాడు, శ్రద్ధగా వింటాడు, తన భావోద్వేగాలను మానసిక చికిత్సకుడిలా వివరిస్తాడు. మొరటువాడి కంటే ఇతను ఎంతో నయం. కాని ఎప్పుడూ తప్పు చేయనివాడికి దిద్దుకునే అవకాశమూ రాదు. ఇతని పక్కన నాయిక ఒక్కతే మారవలసిన మనిషిగా మిగులుతుంది, కథలోని భయాలూ తొందరపాట్లూ అన్నీ ఆమె వంతుకే వస్తాయి.

నాకు చదవాలనిపించే భాగం సాధారణంగా క్షమాపణకూ ఉపసంహారానికీ మధ్య ఉండవలసినది. విమానాశ్రయంలోనో వర్షంలోనో అతను క్షమించమంటాడు, ఆమె క్షమిస్తుంది, పేజీ తిప్పేసరికి ఏడాది గడిచిపోయి ఉంగరమో ఉయ్యాలో కనిపిస్తుంది. ఆ ఏడాదిలో ఆమె మళ్లీ ఆ పాత స్నేహితుడితో మాట్లాడి ఉంటుంది, అతను గది అవతలి నుంచి చూసి ఉంటాడు. అప్పుడతను ఏం చేశాడో, అతను ఏం చేస్తాడోనని ఆమె ఓరకంట చూసిందో లేదో, ఎన్నాళ్లకు అలా చూడటం మానేసిందో ఒక రెండు అధ్యాయాలు రాయగలిగిన రచయిత్రులు ఈ ప్రక్రియలో లేకపోలేదు. వాళ్ల నవలల్లో నాయికా నాయకులు ఒకటైనప్పుడు నాకు ఏ సంకోచమూ కలగదు.