సౌండుకి బొట్టెవరు పెడతారు?

మన దగ్గర సినిమా మొదలెట్టిన రోజు కెమెరాకి బొట్టు పెడతారు, క్లాప్ బోర్డుకి పెడతారు, లైట్లకి పెడతారు, జనరేటర్‌కి పెడతారు, భోజనాల వ్యాన్ టైర్ల కింద నిమ్మకాయలు కూడా పడతాయి, కానీ మూలన సంచిలో కూర్చున్న సౌండ్ రికార్డర్‌కి బొట్టు పెట్టినోణ్ణి ఇంతవరకూ నేను చూడలేదు. పోనీలే, మిషనే కదా, అది ఫీలవ్వదు అనుకునేవాణ్ణి. అది ఫీలవుతుందండీ, కాకపోతే హైదరాబాద్ వెళ్ళాక ఫీలవుతుంది.

మాది విజయనగరం. 1919లోనే సంగీత కళాశాల పెట్టుకున్న ఊరు, ఆదిభట్ల నారాయణదాసు గారు దానికి మొదటి ప్రిన్సిపాల్, ఘంటసాల గారు సంగీతం నేర్చుకున్నది అక్కడే, సుశీలమ్మ పుట్టింది ఈ ఊళ్ళోనే. అలాంటి చోట మేం మూడు రోజులు ఎండలో మాడి తీసిన షార్ట్ ఫిల్ముకి ఎడిటర్ దగ్గర నిడివి సున్నా నిమిషాల సున్నా సెకన్లు అని చూపించిందంటే అది నా ఒక్కడి సమస్య కాదు, జిల్లా పరువు సమస్య అని నేను మనవి చేసుకుంటున్నాను.

జరిగిందేంటంటే, నెల్లిమర్ల అవతల ఒక పల్లెలో షూటింగ్. సౌండు డిపార్ట్‌మెంటంటే నేనే, బూమ్, అంటే మైకు కట్టిన పొడుగు కర్ర, పట్టుకునేదీ నేనే, రికార్డిస్టూ నేనే, రైలు వెళ్ళేదాకా ఆగండి బాబూ అని బతిమాలేదీ నేనే. రికార్డర్ అరువు తెచ్చిన పాత డబ్బా, సెల్లుల మీద నడుస్తుంది. నిర్మాత మా డైరెక్టర్ మేనమామ, పలాసలో జీడిపప్పు వ్యాపారం, సెల్లులు లెక్కపెట్టి ఇచ్చేవాడు. దాంతో మా అసిస్టెంట్ గుంటడికి పొదుపు మీద భక్తి కుదిరిపోయింది. డైరెక్టర్ కట్ అనడం ఆలస్యం, నా రెండు చేతులూ బూమ్ మీద ఉండగానే వీడు పరిగెత్తుకొచ్చి సెల్లులు పీకేసేవాడు. స్టాప్ నొక్కాక పీకాలని వాడికెవరూ చెప్పలేదు, చెప్పాల్సినోణ్ణి నేనే, సరే, అది వేరే చర్చ.

రికార్డర్ సౌండుని దాచుకునే వావ్ ఫైలంటే పెళ్ళిలో చదివింపుల పుస్తకం లాంటిది. లోపలి పేజీల్లో ఎవరెంత చదివించారో వరసగా రాసుకుంటూ పోతారు, మొత్తం ఎంతైందో మాత్రం అంతా అయ్యాక మళ్ళీ మొదటి పేజీకొచ్చి రాస్తారు. రికార్డర్ కూడా అంతే, స్టాప్ నొక్కాకే ముందుకొచ్చి హెడర్ అనే మొదటి పేజీలో ఇంత సౌండుంది అని రాసుకుంటుంది. ఈలోగా రాసేవాడి చేతిలో పెన్ను లాగేసుకున్నామనుకోండి, లోపల డబ్బులన్నీ భద్రంగానే ఉంటాయి, మొదటి పేజీలో మాత్రం సున్నా ఉంటుంది. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ మొదటి పేజీ చూసే మనిషి. సున్నా అంటే సున్నాయే, పేజీ తిప్పదు.

రెండ్రోజులకి హైదరాబాద్ నుంచి ఎడిటర్ ఫోను. "అన్నా, ఫైళ్ళు కరప్ట్ అయ్యాయి."

ఈ కరప్ట్ అనే మాట కనిపెట్టినోడికి సన్మానం చెయ్యాలి. పాడైంది అన్నామనుకోండి, ఎవడు పాడుచేశాడ్రా అని వెంటనే అడుగుతారు. కరప్ట్ అయింది అంటే ఎవడూ అడగడు, వానపడింది, కరెంటు పోయింది, కరప్ట్ అయింది, అంతే. లొకేషన్లో మేం ఆ మాట అన్నాం, ఎడిటింగ్ రూములో వాళ్ళూ అన్నారు, ఇద్దరం ఒకరికొకరు సానుభూతి చెప్పుకుని ఫోన్లు పెట్టేశాం.

ఎన్ని పోయాయిరా అంటే సగం పోయాయన్నాడు, 64లో 32 తెరుచుకోవట్లేదు, ఒక్కోటీ 4 కేబీయే ఉంది అని. ఆ రాత్రి గంటస్తంభం దగ్గర టీ కొట్టు ముందు అత్యవసర సమావేశం జరిగింది, కెమెరామెన్ వైరస్ అన్నాడు, హీరో దిష్టి అన్నాడు, రీషూట్‌కి ఎంతవుతుందో లెక్క కూడా వేసేశారు. తీరా నేను స్క్రీన్ షాట్ పెట్టించుకుని చూద్దును కదా, ఆ 32 ఫైళ్ళ పేర్లకీ ముందు ఒక చుక్క, ఒక అడ్డగీత. అవి సౌండ్ ఫైళ్ళే కావు. రికార్డర్ మెమరీ కార్డులోంచి దించుకున్న ఫైళ్ళని కెమెరామెన్ మ్యాక్ లాప్‌టాప్‌లోంచి పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేస్తే మ్యాక్ తన సొంత గొడవ రాసుకోడానికి ఒక్కో ఫైలుకీ ఒక తోక పెడుతుంది, మ్యాక్‌లో అవి కనబడవు, విండోస్‌లో కనబడతాయి. అంటే మేం మూడు గంటలు కూర్చుని ఏడ్చింది ఎప్పుడూ పుట్టని పిల్లల కోసం. నిజంగా పోయినవి మిగతా 32లో ఐదు, అందులో ఒకటి మామ్మ సీను.

ఇక్కడ జీడిపప్పు మావయ్య ఒక మాటన్నాడు. "ఏటిరా, మేం బస్తా పంపితే ఇక్కడో తూకం, అక్కడో తూకం, రెండూ కలిస్తేనే ఇక్కడ సరుకు ఖాళీ సేస్తాం. మీరు ఇనకుండానే పంపేసి, కార్డు కూడా తుడిచేసినారా?" సినిమా తెలీని మనిషి కదా, అలాగే మాట్లాడతాడు. ఆయన చెప్పింది చెక్‌సమ్ అనీ, ఎండీఫైవ్ అని 32 అక్షరాల తూకం ఒకటుందనీ, ఇక్కడి కాపీకీ అక్కడి కాపీకీ అది కలిస్తేనే కార్డు ఫార్మాట్ చెయ్యాలనీ పెద్ద సెట్లలో దానికి జీతం ఇచ్చి మనిషిని పెడతారనీ ఆయనకి తెలీదు. మాకు తెలుసు, తెలిసీ చెయ్యలేదు, అదీ తేడా. మేం చేసిన బ్యాకప్ ఏంటంటే, అసిస్టెంట్ అప్పుడప్పుడూ వాయిస్ రికార్డింగ్ ఒకటి వాట్సాప్‌లో పెట్టేవాడు, అది ఓపస్ అనే వేరే రకం ఫైలు, ఎడిటర్ వావ్ అడిగితే ఆ ఓపస్ ఫైలు పేరు చివర వావ్ అని మార్చి పంపేశాడు. రేషన్ బియ్యం సంచి మీద సోనామసూరి అని రాస్తే అన్నం మారుద్దా? వాడు మాత్రం కన్వర్ట్ చేశానన్నయ్యా అన్నాడు గర్వంగా.

డైరెక్టర్ ఏమీ కంగారుపడలేదు. "ఏం పర్లేదు బావ్, డబ్బింగులో చూసుకుందాం" అన్నాడు. తెలుగు సినిమా 1932లో నోరు విప్పింది, ఆ తర్వాత ఏదో ఒక శుభముహూర్తాన ఎవరో ఈ వాక్యం కనిపెట్టారు, అప్పట్నుంచీ లొకేషన్లో ఎవడికీ నిద్ర చెడలేదు.

సరే, డబ్బింగ్ చెప్పించారు. మామ్మ లొకేషన్లో అన్న డైలాగు, "ఒలె గుంటా, ఏటలగ నిలబడిపోనావు, కాళ్ళు కడుక్కోని లోనకి రా, అన్నం ఎడతాను." అంతే, మెల్లగా, పక్కన గిన్నె మూత చప్పుడుతో సహా. హైదరాబాద్ నుంచి వచ్చింది వింటే, "ఓలమ్మో ఓలమ్మో" అని మొదలైంది. రెండో ఓలమ్మో దగ్గరే మా అమ్మ టీవీ ఆపినట్టు ఫోను బోర్లించింది. సినిమావాళ్ళ లెక్కలో ఉత్తరాంధ్ర మనిషి నోరు తెరిస్తే ముందు ఓలమ్మో రావాలి, తర్వాత జనం నవ్వాలి, అన్నం పెడతానన్నా నవ్వాలి.

ఇక ఆ రాత్రి నేను కూర్చున్నాను. అదృష్టం కొద్దీ కార్డు మీద మళ్ళీ రికార్డ్ చెయ్యలేదు, చేసుంటే నేనూ ఓలమ్మో అనేవాణ్ణే, ఒట్టి ఫార్మాట్ అయితే ఫొటోరెక్ అనే ఉచిత టూల్‌తో లాగొచ్చు కాబట్టి లాగాను. మామ్మ ఫైలు సైజు 26 ఎంబీ. నిడివి సున్నా అంటున్నప్పుడు ముందు చూడాల్సింది ఈ సైజే. మా రికార్డర్ సెట్టింగు సెకనుకి 48,000 శాంపిళ్ళు (అదే 48 కిలోహెర్ట్జ్), ఒక్కో శాంపిలూ 24 బిట్, ఒక ట్రాకు, అంటే నిమిషానికి 8.6 ఎంబీ, కాబట్టి 26 అంటే మూడు నిమిషాల సరుకు లోపలుంది. అడాసిటీ అనే సౌండ్ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లో రా డేటా కింద, అంటే హెడర్ని నమ్మకుండా ఉన్నదున్నట్టు, ఇంపోర్ట్ చేశాను, అక్కడ హెడర్ చెప్పాల్సినవన్నీ మనమే చెప్పాలి. 16 బిట్ అని చెప్పాను, తగరపు రేకు మీద వాన లాంటి చప్పుడు. 24 బిట్ అని చెప్పాను, మళ్ళీ వాన. రేటు 44,100 పెట్టాను, అదే వాన కొంచెం నెమ్మదిగా. 24 బిట్ అంటే ఒక్కో శాంపిలూ మూడు బైట్లు కదా, మొదట్లో ఒక్క బైటు అటూఇటూ అయితే మొత్తం చివరిదాకా వరస తప్పుతుంది. ఆఫ్‌సెట్, అంటే మొదట్లో ఎన్ని బైట్లు వదిలెయ్యాలో చెప్పే అంకె, సున్నా అయింది, ఒకటి పెట్టాను, వానే. రెండు పెట్టాను.

టప్ మని ఒక చప్పుడు, ఆ చెడిపోయిన హెడర్ కూడా సౌండే అనుకుని వాయించేసింది, ఆ తర్వాత దూరంగా ఒక కోడి, నా సొంత దగ్గు, గిన్నె మూత. "ఒలె గుంటా..."

పొద్దున్నే వినిపిస్తే డైరెక్టర్ "బాగుంది బావ్, కానీ డబ్బింగుకి డబ్బులిచ్చేశాం కదా" అన్నాడు. గట్టిగానే గొడవైంది, మావయ్య విని మామ్మ గొంతే ఉంచమన్నాడు, డబ్బులు ఆయనవి కాబట్టి కళ గెలిచింది.

ఆ ఊపులో నేను రెండో సినిమాకి ఒకే ఒక్క షరతు పెట్టాను, ముహూర్తం రోజు రికార్డర్‌కి కూడా పూజ జరగాలి. ఒప్పుకున్నారు. ఈసారి రికార్డర్ కొత్తది, పీటేసి, దాని మీద తువ్వాలేసి కూర్చోబెట్టారు. పంతులుగారు కొబ్బరికాయ కొట్టి ఆ నీళ్ళు నాలుగు వైపులా చల్లారు, అసిస్టెంట్ గుంటడు పోయినసారి పాపం కడుక్కోవాలని పసుపు ముద్ద తీసుకుని ఎక్కడ బాగా నిలుస్తుందా అని వెతికి, పక్కన మూత తెరిచున్న సందొకటి కనబడితే అందులో కూరాడు. డిస్‌ప్లే నిండా కుంకుమ. దాని వెనకాల ఏదో ఎర్రగా మెరుస్తోంది, శుభమే అనుకుని తుడిచి చూస్తే, కార్డు పెట్టమంటోంది.