వినబడని పాఠం

పరీక్షలు వారం ఉన్నాయనగా క్లాసు వాట్సాప్ గ్రూపులో నోట్స్ వచ్చి పడతాయి. చూపున్న పిల్లలు అక్కడికక్కడే తెరిచి చదువుకుంటారు. అదే హాస్టల్ గదిలో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని కూర్చున్న చూపులేని విద్యార్థి కూడా ఆ పీడీఎఫ్ తెరుస్తాడు. తెర మీద ఉన్నదాన్ని చదివి వినిపించాల్సిన స్క్రీన్ రీడర్ ఒక్క మాటా పలకదు. చేతిరాత నోట్స్‌ను పేజీ పేజీ ఫొటో తీసి పీడీఎఫ్ చేశారు మరి. ఇంకో సబ్జెక్టు ఫైలు తెరిస్తే శబ్దమైతే వస్తుంది గానీ అది తెలుగు కాదు. ఇంగ్లిష్ అక్షరాలు, డాలర్ గుర్తులు, బ్రాకెట్లు కలగాపులగంగా వినిపిస్తాయి. చివరికి రూమ్మేట్‌ను బతిమాలి చదివించుకోవడమే గతి. ఆ రూమ్మేట్‌కూ తెల్లారితే అదే పరీక్ష, అదే టెన్షన్.

విజయవాడ, గుంటూరు కాలేజీల్లో చదివే అంధ విద్యార్థులకు ఇది ప్రతి సెమిస్టర్‌లోనూ ఉన్న బాధే. దాని మూలం చాలావరకు మన డీటీపీ సెంటర్లలో ఉంది. తెలుగు పుస్తకాల అచ్చుకు విజయవాడ పెట్టింది పేరు. ఏలూరు రోడ్డు షాపుల్లో దొరికే గైడ్ల నుంచి కాలేజీ ప్రశ్నపత్రాల దాకా ఏళ్ల తరబడి అను వంటి పాత ఫాంట్లలోనే టైపవుతూ వచ్చాయి. ఆ ఫాంట్లలో మన కంటికి కనిపించేది ‘క’ అయినా, కంప్యూటర్ లోపల దాచుకునేది ఏదో ఇంగ్లిష్ అక్షరమో, గుర్తో. స్క్రీన్ రీడర్ దాన్నే ఉన్నదున్నట్టు చదువుతుంది. యూనికోడ్‌లో టైపు చేస్తే ఈ చిక్కు రాదు. అందులో ‘క’ అంటే కంప్యూటర్‌కూ ‘క’యే. 1991లో వచ్చిన యూనికోడ్ మొదటి వెర్షన్‌లోనే తెలుగుకు చోటు దక్కింది. అప్పట్లో డీటీపీ వాళ్లకు పాత ఫాంట్లు తప్ప వేరే దారి లేదన్నది నిజమే. ఇప్పుడు ఆ మాట చెల్లదు. ఈ విషయంలో పత్రికలం మేమూ వెనకబడే ఉన్నాం, మారాల్సిన వాళ్లలో మేమూ ఉన్నాం.

విద్యార్థుల వైపు నుంచి లోటేమీ లేదు. కంప్యూటర్‌లో వాడే ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ 2006 నుంచి ఉచితంగా దొరుకుతోంది. ఆండ్రాయిడ్ ఫోన్లలో టాక్‌బ్యాక్ అనే స్క్రీన్ రీడర్ ఉంటుంది. రెండూ తెలుగు చదవగలవు. చదవదగ్గ ఫైలు ఇవ్వడమే మన పని.

అడ్మిషన్, ఫీజు, స్కాలర్‌షిప్ సైట్ల సంగతి వేరే చెప్పాలి. వంకర అక్షరాల క్యాప్చా దగ్గరే చాలామంది ఆగిపోతారు. అది దాటితే పేరు పెట్టని బటన్లు. స్క్రీన్ రీడర్ ‘బటన్, బటన్’ అంటుంది తప్ప ఏది సబ్మిట్టో, ఏది క్యాన్సిలో చెప్పదు. ఓటీపీ గడువు ఈలోగా అయిపోతుంది. ఇంటర్నెట్ సెంటర్‌లో ముక్కూ మొహం తెలియని మనిషికి పాస్‌వర్డ్, బ్యాంకు వివరాలు చెప్పి ఫారం నింపించుకోవాల్సి రావడం ఏ యువతికైనా, యువకుడికైనా ఎంత కష్టం!

చట్టం లేక కాదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రభుత్వ, ఎయిడెడ్ ఉన్నత విద్యాసంస్థల్లో కనీసం 5 శాతం సీట్లు కేటాయించింది, డిజిటల్ సమాచారం అందరికీ అందేలా ఉండాలని కూడా చెప్పింది. డిజిటల్ సేవలు అందుకోవడం రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కులో భాగమేనని 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు తేల్చింది. కాపీరైట్ అడ్డొస్తుందనే ప్రచురణకర్తల భయానికీ ఆధారం లేదు. అంధులకు అందే రూపంలోకి పుస్తకాన్ని మార్చడానికి కాపీరైట్ చట్టానికి 2012లో చేసిన సవరణ వీలు కల్పించింది. మచిలీపట్నం దగ్గరి పల్లెలో పుట్టిన, చూపులేని బొల్లా శ్రీకాంత్ ఇంటర్‌లో సైన్స్ చదవడానికే న్యాయపోరాటం చేయాల్సి వచ్చింది. తర్వాత ఆయన అమెరికాలో ఎంఐటీ దాకా వెళ్లారు. సెమిస్టర్ నోట్స్ కోసం కూడా పిల్లల్ని కోర్టు మెట్లెక్కమంటామా?

కాలేజీలు డీటీపీ సెంటర్లకు పని ఇచ్చేటప్పుడే అచ్చు కాపీతో పాటు యూనికోడ్ ఫైలు కూడా కావాలని అడగాలి. డిగ్రీ, పీజీ కోర్సుల స్టడీ మెటీరియల్ విషయంలో యూనివర్సిటీలు ఇదే నిబంధన పెట్టాలి. చేతిరాత నోట్స్ తప్పనిసరైతే కనీసం ఆ పాఠాన్ని లెక్చరర్ తన గొంతుతో రికార్డు చేసి పంపవచ్చు.

లెక్చరర్లకు మా విన్నపం ఒకటి. నోట్స్ గ్రూపులో పెట్టేముందు అందులోంచి ఒక్క లైను కాపీ చేసి వాట్సాప్ మెసేజ్‌లో పేస్ట్ చేసి చూడండి. తెలుగు తెలుగుగానే వస్తే మీ విద్యార్థి వినగలడు. పిచ్చి గుర్తులు వస్తే అది చాలావరకు పాత ఫాంటే. లైను అసలు సెలెక్టే కాకపోతే మీరు పంపుతున్నది ఫొటో.