‘కొనండి’ బటన్ గారికి ఒక కౌలుదారు ఉత్తరం

మహారాజశ్రీ ‘కొనండి’ బటన్ గారి సముఖానికి నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. ఇక్కడ నేను క్షేమం. అక్కడ తమరు ఎప్పటిలాగే ఆకుపచ్చగా మెరుస్తున్నారని తలుస్తాను.

తమరి పేరంటే నాకు మొదటినుంచీ గౌరవం. మా తాతగారు అరెకరం మెట్ట కొన్నప్పటి దస్తావేజు మా ఇంట్లో ఇప్పటికీ ఉంది. ‘పుత్రపౌత్ర పారంపర్యంగా, దాన వినిమయ విక్రయాది సర్వహక్కులతో’ అని రాయించారు. కొనడమంటే అదేననుకుంటూ పెరిగినవాణ్ణి. వీడియో గేమ్ కోసం తమరి మీద వేలు పెట్టినప్పుడు కూడా ఆ వాక్యమే మెదిలింది. మనవడి దాకా రాకపోయినా, పదేళ్ల తర్వాత నేనైనా ఆడుకోవచ్చు కదా అనుకున్నాను. తమరు నవ్వారేమో తెలియదు, బటన్లకు ముఖం ఉండదు.

‘ది క్రూ’ సంగతి తమరికి తెలియనిది కాదు. యుబిసాఫ్ట్ 2014లో విడుదల చేసిన కార్ల ఆట. అమెరికానంతా కుదించి, ఒక తీరం నుంచి మరో తీరానికి తోలుకుంటూ పొమ్మనేది. ఎవరూ తోడు లేకుండా ఒక్కరే తోలుకున్నా సరే, కంపెనీ సర్వర్ పలికితేనే బండి కదిలేది. 2024 మార్చి 31న ఆ సర్వర్లు ఆపేశారు. ఆ తర్వాత, డబ్బిచ్చి కొనుక్కున్నవారి ఖాతాల్లోంచి ఆటనే తీసేశారు. కాలిఫోర్నియాలో ఇద్దరు ఆటగాళ్లు దావా వేస్తే, వారు కొన్నది లైసెన్సేనని, ఆ మాట ముందే చెప్పామని కంపెనీ వాదించింది. మా ఊళ్లో దాన్ని కౌలు అంటారు. ఎంత గడుసు ఆసామి అయినా కౌలుకిచ్చేటప్పుడు ఎన్నేళ్లకో చెప్పి ఇస్తాడు. తమరు మాత్రం ధర చెప్పి ఊరుకున్నారు.

ఇంకో విడ్డూరం ఉంది. భూమి వారిది, బావి వారిది, పూడిక తీసేది మాత్రం కౌలుదారులు.

‘సిటీ ఆఫ్ హీరోస్’ 2004లో మొదలైంది. సూపర్‌హీరోల వేషాలు కట్టి వేలమంది ఒకే నగరంలో తిరిగే ఆట. 2012లో మూసివేత కబురు రాగానే, ఆటగాళ్లు తమ పాత్రలతో ఆ నగర సభాభవనం ముందు కాగడాలు పట్టుకుని నిలబడ్డారు. ఆట యజమాని ఎన్‌సీసాఫ్ట్ కంపెనీ మనసు కరగలేదు, నవంబరు 30న మూసేసింది. 2019లో గుట్టు రట్టయింది: ఒక చిన్న గుంపు దొంగచాటుగా ఆ ఆటను నడుపుకుంటూనే ఉంది! ఇక్కడ మావాళ్లను కూడా మెచ్చుకోలేను. ఊరు ఊరంతా చెరువు ఎండిందని ఏడుస్తుంటే, వీరు పెరట్లో బావి తవ్వుకుని తలుపు గడియ పెట్టుకున్నారు. తిట్లూ శాపనార్థాలూ అయ్యాక ఆ ఆట సర్వర్‌ను నడిపే కోడ్ అందరి చేతికీ వచ్చింది. ‘హోమ్‌కమింగ్’ అనే సర్వర్ విరాళాలతో లేచి నిలబడింది. చివరికి 2024 జనవరిలో ఎన్‌సీసాఫ్టే దానికి అధికారికంగా అనుమతి ఇచ్చింది. మూసిన పదకొండేళ్లకు!

‘వ్యాంపైర్: ది మాస్కరేడ్ బ్లడ్‌లైన్స్’ కథ ఇంకా తమాషా. 2004లో సగం ఉడకగానే వడ్డించేశారు. వండిన ట్రోయికా సంస్థ మరుసటి ఏడాదే పొయ్యి ఆర్పేసింది. అప్పటినుంచి జర్మనీకి చెందిన ఒక రసాయన శాస్త్రవేత్త, జీతంలేని పాలేరులా, రెండు దశాబ్దాలుగా ఆ ఆటలో తప్పులు సరిచేస్తూ కూర్చున్నారు. జీఓజీ అనే ఆన్‌లైన్ ఆటల దుకాణంలో ఇప్పుడు ఆ ఆట ఆయన సవరణలతో కలిసే వస్తుంది. అంటే తమరిని నొక్కితే చేతికొచ్చే సరుకులో ఆయన చాకిరీ కూడా ఉంది. రసీదులో ఆయన పేరు ఎప్పుడైనా వేశారా?

అందరు యజమానులూ ఒకటి కాదు లెండి. ఐడీ సాఫ్ట్‌వేర్ 1997 చివరలో తన ‘డూమ్’ ఆట కోడ్‌ను జనం ముందు పెట్టేసింది. ఇప్పుడది కాలిక్యులేటర్ల మీద కూడా ఆడుతోంది.

తమరి పేరు మీద ఈమధ్య పంచాయతీలు కూడా మొదలయ్యాయి. ఇచ్చేది లైసెన్సే అయితే ఆ సంగతి స్పష్టంగా చెప్పాలని, చెప్పకుండా ‘కొనండి’ అనకూడదని కాలిఫోర్నియాలో 2025 నుంచి చట్టం అమల్లోకి వచ్చింది. రాస్ స్కాట్ అనే ఆయన 2024లో మొదలుపెట్టిన ‘స్టాప్ కిల్లింగ్ గేమ్స్’ ఉద్యమానికి యూరప్‌లో పది లక్షలకు పైగా సంతకాలు వచ్చాయి. కల్పాంతం దాకా సర్వర్లు నడపమని ఎవరూ అడగడం లేదు. వెళ్లేటప్పుడు ఆటను ఆడదగ్గ స్థితిలో వదిలి వెళ్లమంటున్నారు, అంతే. దానికే అంత ఉలికిపాటా?

‘ది క్రూ’ ఆడేవారు చట్టాల కోసం ఆగలేదు. కంపెనీ సర్వర్ ఆటతో ఏమేం మాట్లాడేదో విప్పి చూసి, అవే జవాబులు చెప్పే సర్వర్‌ను తామే రాసుకుని, 2025 సెప్టెంబరులో కార్లు మళ్లీ రోడ్డెక్కించారు. ఈసారి తమరిని ఎవరూ నొక్కలేదు.

కాబట్టి మనవి ఏమిటంటే, తమరు పేరైనా మార్చుకోండి, పేరుకు తగ్గ దస్తావేజైనా ఇవ్వండి. ‘కౌలుకు తీసుకోండి’ అని రాసుకుంటే చిన్నతనం కాదు. కౌలు చేసేవారికి మా ఊళ్లో మర్యాద బాగానే ఉంది.

ఇట్లు,
తమరి కౌలుదారు

తా.క.: జవాబు రాసేటప్పుడు గడువు తేదీ వేయగలరు. నా కోసం కాదు. మా అన్నయ్య కొడుకు పక్కనే కూర్చుని, తమరి మీద అప్పుడే వేలు ఆనించి నా మొహం చూస్తున్నాడు.